మీ మెయిల్స్ కొన్ని పోయినయ్ అండి, ఏవి పోయినయ్యో ఏవి ఉన్నయ్యో చెప్తున్నా

మన ప్రెస్సు కస్టమర్లందరికీ నమస్కారం. డొంకతిరుగుడు లేకుండా చెప్పేస్తా, అక్టోబర్ మొదట్నుంచి నవంబర్ 16 దాకా మీరు మాకు పంపిన మెయిల్స్ మా దగ్గర లేవు. పెళ్ళి కార్డుల మేటరు, మిర్చి యార్డు కొట్ల బిల్లు బుక్కుల శాంపిళ్ళు, ప్రూఫ్ చూసి మీరు "ఓకే వేసెయ్యండి" అని పెట్టినవి, అన్నీ. తప్పు నాదే. సిస్టం చేసిన కుర్రాడిని ఎవరూ ఏమీ అనొద్దు, "అన్నీ కాపీ అయినయ్, ఫార్మాట్ కొట్టెయ్" అన్నది నేను.

డిజైన్లు మాత్రం భద్రం. అనూ ఫాంట్స్‌లో కొట్టిన పేజ్‌మేకర్ ఫైళ్ళు, కోరల్ ఫైళ్ళు అన్నీ డీ డ్రైవ్‌లో ఉంటయ్, దాని జోలికి పోలేదు.

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్టు ఆపేశారు గదా, కార్తీకం రద్దీ తగ్గాక నవంబర్ 30 ఆదివారం షట్టర్ దించేసి 11 వేయిద్దామని కూర్చున్నాం. ముందు డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ రెండూ ఎక్స్‌టర్నల్ డిస్కులోకి లాగాం. మేము మెయిల్స్ చూసే ప్రోగ్రాం అవుట్‌లుక్, డాక్యుమెంట్స్‌లో అవుట్‌లుక్ ఫైల్స్ అని ఫోల్డరు, దాంట్లో పీఎస్‌టీ ఫైలు, 1.8 జీబీ, కళ్ళారా చూశా. మెయిల్స్ అన్నీ అటాచ్‌మెంట్లతో సహా ఇట్టాంటి ఒక్క ఫైల్లోనే ఉంటయ్యని తెలుసు కాబట్టి హమ్మయ్య అనుకున్నా. ఫైలు పేరు మాత్రం చదవలా. ఆర్కైవ్ డాట్ పీఎస్‌టీ అని ఉంది. అంటే పాత మెయిల్స్‌ని అవుట్‌లుక్ తీసి పక్కన పెట్టే అటక అన్నమాట. అసలు ఇన్‌బాక్స్ ఫైలు వేరే చోట ఉంది, యాప్‌డేటా అనే ఫోల్డర్లో, అది మామూలుగా కనపడదు, హిడెన్. మేము 2007 అవుట్‌లుక్ నుంచి వాడుతున్నాం, అప్పట్లో ఫైలు అక్కడే పెట్టేది, తర్వాత కొత్త వెర్షన్ వేసినా అక్కడే ఉండిపోయింది. ఫార్మాట్ కొట్టిన సీ డ్రైవ్‌తో పాటు అదీ పోయింది. రికవరీకి ఇచ్చి చూశాం, పాత హార్డ్ డిస్కయితే కొంత ఆశ ఉండేదంట, మాది ఎస్ఎస్‌డీ, అంటే కొత్త రకం డిస్కు, దాంట్లో ఫార్మాట్ కాగానే లోపల తుడిచేసుకుంటది, వాళ్ళూ చేతులెత్తేశారు.

ఇంత నష్టంలో కాస్త మిగిలింది ఎందుకంటే ఆ అటక వల్లే. ఇన్‌బాక్స్‌లో ఆరు నెలలు దాటినవి, సెంట్‌లో (అంటే మేము పంపినవాటిలో) రెండు నెలలు దాటినవి అది పక్కన పెడతది, కాబట్టి మే దాకా మీవి మొత్తం ఉన్నయ్. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మీ మెయిల్స్ లేవు గానీ మేము పెట్టిన రిప్లైలు ఉన్నయ్, రిప్లై కింద మీరు రాసింది కూడా ఉంటది, అటాచ్‌మెంట్ మాత్రం ఉండదు. నవంబర్ 16 తర్వాతవి సర్వర్ మీదే ఉన్నయ్, ఎందుకంటే సర్వర్లో కాపీ 14 రోజులు ఉంచే సెట్టింగు ఉంది, మళ్ళీ దిగినయ్. మధ్యలో నెలన్నర ఖాళీ.

ఈ నెలన్నర గురించి నాకు దిగులు ఎందుకంటే, పోయిన మాఘంలో ఒకాయన ముహూర్తం 8.40 బదులు 8.04 పడిందని షాపులో గట్టిగానే కేకలేశాడు, మెయిల్ తీసి చూపిస్తే ఆయన పంపిన మేటర్లోనే 8.04 ఉంది, పాపం నవ్వేసి టీ తాగి పోయాడు. ఇప్పుడు తీసి చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. అందుకని ఆ నెలన్నర ఆర్డర్లలో తప్పు పడిందని ఎవరన్నా వస్తే మీ మాటే ఖాయం, మా ఖర్చుతో మళ్ళీ వేస్తాం.

ఇప్పుడు చేస్తున్నదేంటంటే, రోజూ రాత్రి అవుట్‌లుక్ మూసేసి (తెరిచి ఉంటే ఫైలు కాపీ కానివ్వదు) పీఎస్‌టీని బయట డిస్కులోకి తీస్తున్నాం, వారానికోసారి ఆ కాపీని మా ఇంటి లాప్‌టాప్‌లో తెరిచి చివరి మెయిల్ తారీఖు చూస్తున్నా. ఐమ్యాప్‌కి (మెయిల్స్ సర్వర్లోనే ఉంచి ఇక్కడ చూసే పద్ధతి) మారితే చాలు, బ్యాకప్పే అక్కర్లేదని ఒక మిత్రుడు అన్నాడు, మారాం కూడా, కానీ దాంట్లో ఇక్కడ డిలీట్ కొడితే సర్వర్లోనూ పోతది. పైగా అప్పుడు పీఎస్‌టీ బదులు మన సిస్టంలో తయారయ్యే ఓఎస్‌టీ అనే ఫైలుని వేరే సిస్టంలో పెట్టి తెరుద్దామంటే మామూలుగా తెరుచుకోదు. అందుకే దాన్నుంచి కూడా ఎక్స్‌పోర్ట్ చేసి పీఎస్‌టీగానే దాస్తున్నాం.

మీరు చేయాల్సింది చిన్న పనే, జూన్ నుంచి నవంబర్ 16 దాకా మాకు పంపినవి మీ సెంట్‌లో ఉంటే అటాచ్‌మెంట్‌తో సహా మళ్ళీ ఫార్వర్డ్ కొట్టండి, అక్టోబర్, నవంబర్‌వి ముందు. వాట్సాప్‌లో పెట్టేవాళ్ళు ఫొటోలా కాకుండా డాక్యుమెంట్‌గా పెట్టండి, ఫొటోలా పెడితే కుదించేస్తది, లోగోలు ప్రింటులో మసకమసగ్గా వస్తయ్.