డ్రోన్ కాకి ఎట్లయింది?

సంపాదకులకు,

పది రోజుల కిందటి మీ ఆదివారం అనుబంధంలో వేసిన పెళ్లిమంటపం కార్టూన్ గురించి. వధూవరులు తలెత్తి డ్రోన్‌కేసి నవ్వుతుంటే పంతులు తాళి చేతిలో పట్టుకుని ఎదురుచూస్తుంటాడు. ఆయన ఎగరేసిన ఒక్క కనుబొమ్మలోనే ఉంది నవ్వంతా. మీ అచ్చులో ఆ కనుబొమ్మే లేదు. డ్రోన్ కాకి అయింది. అసలు కాగితం ఊళ్లో చాలామంది చూసిందే కాబట్టి తప్పు గీసినాయన మీదికి నెట్టడానికి లేదు.

16 సెంటీమీటర్ల వెడల్పున గీసిన బొమ్మను 4 సెంటీమీటర్ల కాలమ్‌లో ఇరికిస్తే 4 మిల్లీమీటర్ల అక్షరం 1 మిల్లీమీటరుకు దిగుతుంది. ఒత్తులూ గుడులూ సిరాతో పూడిపోతాయి. సన్నపాళీతో లాగిన గీత న్యూస్‌ప్రింట్ మీద తెగిపోతుంది. పైగా అది సెల్‌ఫోన్‌తో తీసిన ఫొటోలా ఉంది, వెనక బూడిదరంగు నీడ కనబడుతూనే ఉంది. ఇంకు గీతను కనీసం 600 డీపీఐలో (అంటే అంగుళానికి 600 చుక్కలు), బూడిదరంగు లేని నలుపు తెలుపు లైన్ ఆర్ట్‌గా స్కాన్ చేయాలి. బూడిదరంగు ఛాయలు కూడా పట్టే గ్రేస్కేల్‌లో పెడితే అచ్చులో గీత చుక్కలుగా విడిపోయి అంచులు చెదురుతాయి. పెన్సిల్ షేడింగ్ ఉంటే గ్రేస్కేల్ తప్పదు, సరే. దీంట్లో షేడింగ్ ఎక్కడుందని?

రంగులెందుకు పులిమారో మరీ అర్థం కాలేదు. పులిమితే పులిమారు, అచ్చులో రంగుకో ప్లేటు ఉంటుంది కదా, గీతనైనా నలుపు ప్లేటు ఒక్కదాంట్లోనే ఉంచాల్సింది. నాలుగు రంగులు కలిపి నలుపు చేశారు. ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినట్టున్నాయి, పంతులు ముక్కు పక్కన ఇంకో ఎర్ర ముక్కు మొలిచింది.

ఇవన్నీ యంత్రం తప్పులనుకుందాం. మాట మార్చిందెవరు? బొమ్మలో అవ్వ "యాపొద్దుకు కడ్తాడప్పా తాళి?" అంటే దాన్ని "తాళి ఎప్పుడు కడతారండీ?" అని కంప్యూటర్ అక్షరాల్లో టైపు కొట్టారు. అనంతపురం అవ్వ అట్లా మాట్లాడదు. బాపు చేతిరాతే ఒక ఫాంటు అయిన భాషలో, కార్టూనిస్టు తన చేత్తో రాసుకున్న మాటకు ఇదా మర్యాద?

ఆర్.కె. లక్ష్మణ్ 1951 నుంచి గళ్ల కోటు సామాన్యుడిని ఒక్క కాలమ్ పాకెట్ కార్టూన్‌లోనే నిలబెట్టారు. అవి బొమ్మను జింకు రేకు మీద చెక్కి అచ్చేసే బ్లాకుల రోజులు. ఇప్పుడు మీకు స్కానర్లున్నాయి, గీత మాత్రం నిలవదు. తొలి తెలుగు కార్టూనిస్టు తలిశెట్టి రామారావుగారి పుట్టినరోజని మే 20న కార్టూనిస్టులకు శాలువాలు కప్పడం, మిగతా ఏడాదంతా వాళ్ల బొమ్మల్ని తపాలాబిళ్లంత చేయడం!

మీ ఒక్కరినే అని ఏం లాభం? సప్తగిరి సర్కిల్‌లో నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీల్లో మీసం వెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు. వాటిని తీయించాల్సిన అధికారులు వాటి కిందనుంచే కార్లో పోతారు. డ్రాయింగు లోయరూ హయ్యరూ పరీక్షలు పాసైన పిల్లలేమో ఫ్లెక్సీ షాపుల్లో కూర్చుని ఆ మొహాలకు తెలుపు పూస్తుంటారు.

వచ్చే ఆదివారం ఆ కార్టూన్ మళ్లీ వేయండి. రెండు కాలమ్‌లు, రంగు వద్దు, అవ్వ మాట అవ్వకే ఉంచండి.

– ఒక పాఠకుడు, అనంతపురం