ఆ దెబ్బల లెక్క ఎవరు రాస్తారు?

సంపాదకులకు నమస్కారం.

న్యూజిలాండ్ రగ్బీ జట్టుకు 45 టెస్టులు (అంతర్జాతీయ మ్యాచులు) ఆడిన కార్ల్ హేమన్, ఆ తర్వాత ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్, ఫ్రాన్స్‌లోని టూలోన్ క్లబ్బులకు ఆడి, 2013 నుంచి వరుసగా మూడేళ్లు యూరప్ కప్పు గెలిచిన టూలోన్ జట్టులో ప్రాప్‌గా, అంటే ముందు వరుస ఆటగాడిగా, నిలిచారు. తనకు డిమెన్షియా (మతిమరుపు వ్యాధి) వచ్చిందని 41 ఏళ్లకే, 2021లో, ఆయన వెల్లడించారు. రెండు జట్లు బంతి కోసం ఒకదాన్నొకటి నెట్టుకునే స్క్రమ్‌లో ముందు వరుసన తల వంచి, ఎదుటి ఎనిమిది మంది ఒత్తిడిని మెడతో, భుజాలతో కాచుకునే మనిషికి మ్యాచుల్లోనే కాదు, సాధనలోనూ తలకు దెబ్బలు తగులుతూనే ఉంటాయి. కప్పుల లెక్క రాసినంత శ్రద్ధగా ఆ దెబ్బల లెక్క రాయకపోవడం బాధాకరం. పూర్తిస్థాయిలో ఢీకొనే సాధన వారానికి 15 నిమిషాలు మించరాదన్న అంతర్జాతీయ రగ్బీ సంఘం ‘వరల్డ్ రగ్బీ’ సూచనను క్లబ్బులన్నీ తప్పనిసరి నిబంధనగా పాటించాలి. పరాయి దేశం నుంచి వచ్చి ఒళ్లు హూనం చేసుకున్న ఆటగాడికి, ఒప్పందం ముగిశాక కూడా వైద్యం అందించే బాధ్యత వాటిదే.

– ఒక పాఠకుడు, విశాఖపట్నం