వార్షిక నివేదిక: ఎర్రబాలు చెట్టి వీధి నుంచి రిప్పన్ బిల్డింగు దాకా

గౌరవ సభ్యులందరికీ కార్యవర్గం తరఫున నమస్కారం.

ఉగాది పంచాంగ శ్రవణం, దసరా బొమ్మల కొలువు, ఆదివారం తెలుగు తరగతులు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల పట్టిక విడిగా అందజేశాం. ఈసారి నివేదికలో ఎక్కువ చోటు చెన్నై కార్పొరేషన్ ప్రధాన కార్యాలయమైన రిప్పన్ బిల్డింగుకే ఇస్తున్నాను. ఏడాది మొత్తంలో మన పిల్లల మనసుకు బాగా పట్టిన పని అదే.

తెలుగు తరగతిలో ఒక అమ్మాయి, "మన తెలుగువాళ్లు ఈ ఊరికి ఎప్పుడొచ్చారు?" అని అడిగింది. దానికి జవాబు నల్లబల్ల మీద రాసేది కాదు, నడిచి చూసేది అనిపించింది. అందుకే ఒక ఆదివారం పొద్దున్నే, ఎండ ముదరకముందే, పిల్లలనూ పెద్దలనూ వెంటబెట్టుకుని జార్జిటౌన్‌లోని ఎర్రబాలు చెట్టి వీధి నుంచి బయలుదేరాం. రిప్పన్ బిల్డింగు కట్టక ముందు కార్పొరేషన్ కార్యాలయం ఆ వీధిలోనే ఉండేది. మద్రాసు కార్పొరేషన్ మొదలైంది 1688 సెప్టెంబరు 29న. మన దేశంలో అంత పాత నగరపాలక సంస్థ మరొకటి లేదు. వీధి బోర్డు మీది పేరు తెలుగు పేరేనని చెప్పగానే పిల్లలు దాన్ని పైకి చదివారు. ఆ అమ్మాయి రెండుసార్లు చదివింది.

సెంట్రల్ స్టేషన్ దగ్గరికి వచ్చేసరికి తెల్లటి భవనం ఎదురైంది. రోజూ బస్సులోంచి చూసేదే, కానీ ఎదురుగా నిలబడి చూస్తే వేరు. 1909లో పునాదిరాయి పడింది, 1913లో ప్రారంభమైంది. నమూనా గీసినవారు జి.ఎస్.టి. హ్యారిస్, కట్టించిన మేస్త్రి లోగనాథ ముదలియార్. ఖర్చు ఏడున్నర లక్షల రూపాయలు. ఇటుక, సున్నం, టేకు దూలాలతో లేచిన గోడలు. పొడవు 85 మీటర్లు, గడియార స్తంభం ఎత్తు 43 మీటర్లు. 1882లో స్థానిక స్వపరిపాలనకు తీర్మానం చేసిన వైస్రాయి రిప్పన్ పేరు పెట్టారు. కింది అంతస్తులో మొదట పరిచినది కడప రాయి. తర్వాత దాన్ని తీసి పాలరాయి వేశారు. పాలరాయి మెరుస్తుంది, నిజమే. అయినా ఆ నల్లటి బండలు ఉండి ఉంటే, వాటి మీద పిల్లలను నిలబెట్టి "ఇవి మన సీమ నుంచి వచ్చాయి" అని చెప్పేవాణ్ణి.

పక్కనున్న ఎర్రటి విక్టోరియా పబ్లిక్ హాలుకు 1883లో పునాదిరాయి వేసినవారు విజయనగరం మహారాజు ఆనంద గజపతి. అక్కడ ఎక్కువసేపు ఆగలేదు.

ఆవరణలో ఉన్న సర్ పిట్టి త్యాగరాయ చెట్టి విగ్రహం దగ్గర మాత్రం చాలాసేపు కూర్చున్నాం. టి.నగర్ అనే పేరులోని 'టి' ఆయనే. తెలుగింటి మనిషి. దాదాపు నలభై ఏళ్లు కార్పొరేషన్ సభ్యుడిగా ఉన్నారు, ప్రభుత్వ అధికారి కాని తొలి కార్పొరేషన్ అధ్యక్షుడు ఆయనే. 1920లో థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని కార్పొరేషన్ బడి పిల్లలకు టిఫిన్ పెట్టాలని కౌన్సిల్ తీర్మానించింది. పిల్లవాడికి రోజుకు అణా (రూపాయిలో పదహారో వంతు) మించకుండా ఖర్చు. కటిక పేదరికం వల్లే పిల్లలు బడికి రావడం లేదన్నది త్యాగరాయ చెట్టిగారి వాదన. తర్వాత మరో నాలుగు బడులకు విస్తరించారు. ఆ బడుల్లో పిల్లలు 1922-23లో 811 మంది ఉంటే, 1924-25 నాటికి 1,671 మంది అయ్యారు. ప్రాథమిక విద్యా నిధి నుంచి ఈ ఖర్చు కుదరదని ప్రభుత్వం అనడంతో 1925 ఏప్రిల్‌లో టిఫిన్ ఆగింది. అదే నెల 28న త్యాగరాయ చెట్టిగారు కన్నుమూశారు. టిఫిన్‌ను 1927లో మళ్లీ మొదలుపెట్టారు.

ఈ సంగతి చెబుతుంటే మన సంఘంలో అందరికన్నా పెద్దాయన కళ్లు తుడుచుకున్నారు. చిన్నప్పుడు కార్పొరేషన్ బడిలో తిన్న అన్నం గుర్తొచ్చిందట. నాకు ఆ భవనంలో గొప్పగా తోచేది గోపురం కాదు, ఆ అణా లెక్క. పిల్లవాడి ఆకలిని కౌన్సిల్ ఎజెండాలోకి ఎక్కించిన సభ అది.

1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయినప్పుడు మద్రాసు ఆ రాష్ట్రంలోకి వెళ్లకుండా ఇటే ఉండిపోయింది, మన కుటుంబాలూ ఉండిపోయాయి. ఆ రోజుల బాధ పెద్దలకు తెలుసు. ఇంటి పన్ను కట్టడానికీ, జనన ధ్రువపత్రానికీ ఆనాటి నుంచీ మనం వెళ్లేది కార్పొరేషన్‌కే. కాబట్టి ఆ కట్టడం చరిత్రలో మన వాటా మనమే రాసుకోవాలని కార్యవర్గం నిర్ణయించింది.

వచ్చే ఏడాది థౌజండ్ లైట్స్ వైపు నడుస్తాం. మీ ఇళ్లలో పాత పన్ను రసీదులు, కార్పొరేషన్ బడి ఫోటోలు, పెద్దల ఉద్యోగపు కాగితాలు ఉంటే పారేయకండి. ఆదివారం తరగతికి తెస్తే అక్కడే ఫోటో తీసుకుని, కాగితాలు మీ చేతికే తిరిగి ఇచ్చేస్తాం.

ఇట్లు,
కార్యదర్శి