ఆ ఫొటోలోది పచ్చ పావురం కాదండీ

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీ జిల్లా పేజీలో మారేడుమిల్లి అడవిలో తీసిన పావురం ఫొటో వేసి, కింద ‘పచ్చ పావురం’ అని రాశారు. ఫొటో చాలా బాగుంది, తీసినవాళ్లని మెచ్చుకోవాల్సిందే. కానీ అది గ్రీన్ ఇంపీరియల్ పిజియన్. రెండూ పావురాలే, రెండింటి ఒంటి మీదా పచ్చ ఉంది, పోలిక అంతవరకే.

ముందు కాళ్లు చూడండి. కొమ్మని పట్టుకున్న ఆ వేళ్లు మాసిన ఎరుపు రంగులో ఉన్నాయి. మన ఊళ్లలో రావిపళ్లకీ మర్రిపళ్లకీ గుంపుగా వచ్చి వాలే పచ్చ పావురం కాళ్లు పసుపుగా ఉంటాయి (మహారాష్ట్ర రాష్ట్ర పక్షి అదే). దాని ఒళ్లు పసుపు కలిసిన లేత ఆకుపచ్చ, భుజం దగ్గర వంగపువ్వు రంగు మచ్చ. మీ ఫొటోలోని పక్షికేమో తల, మెడ, పొట్ట అన్నీ బూడిద రంగు, దాని మీద కాస్త గులాబీ ఛాయ. పచ్చదనమంతా వీపు, రెక్కలు, తోక మీదే, అదీ ఎండ తగిలితేనే కంచు మెరుపుతో బయటపడుతుంది, నీడలో కూర్చుంటే నల్లగానే ఉంటుంది. చెట్టు కింద నిలబడి చూసేవాళ్లకి వీపు ఎలాగూ కనబడదు, బూడిద పొట్ట చూసి ‘ఓస్, మన గుడి పావురమే’ అనుకుని వెళ్లిపోతారు. అలాంటప్పుడు తోక మొదట్లో అడుగువైపు ఈకలు చూడాలి. ఈ పక్షికి అక్కడ ముదురు మెరూన్ రంగు ఉంటుంది, గుడి పావురానికి అది ఉండదు.

సైజు సంగతికొస్తే ఇది దాదాపు 43 సెంటీమీటర్లు, కాకికి ఏమాత్రం తీసిపోదు. పచ్చ పావురం 33 దగ్గరే ఆగిపోతుంది. అయితే ఎత్తయిన కొమ్మ మీద, వెనక ఆకాశం తప్ప ఏమీ లేనప్పుడు సైజుని నమ్ముకోకండి, నడవడిక చూడండి. ఇది నేల మీదకి దాదాపు దిగదు. అడవి బాటల మీద నడుస్తూ కనబడే పచ్చరెక్కల చిన్న పక్షి, ఎర్ర ముక్కుది, ఎమరాల్డ్ డవ్, అది వేరు. ఇంపీరియల్ పొద్దున్నే చెట్ల కొనల మీదుగా బరువుగా, తిన్నగా ఎగిరిపోతుంది, లేదా పళ్లున్న చెట్టెక్కి గంటలకొద్దీ కదలకుండా కూర్చుంటుంది. కూత ఖాళీ కుండలో నోరు పెట్టి ఊదినట్టు ఉంటుంది, చాలాసార్లు పక్షి కంటే ముందు అదే వినబడుతుంది.

అన్నిటికంటే పెద్ద తేడా తిండిలో. పచ్చ పావురం మర్రిపండు తింటే లోపలి చిన్న గింజల్ని కూడా పొట్టలో నలిపి అరిగించేసుకుంటుంది. ఇంపీరియల్‌కి నోరు బాగా సాగుతుంది, నేరేడంత పళ్లని గింజతో సహా మింగేసి, గుజ్జు అరిగాక గింజని చెక్కుచెదరకుండా ఇంకోచోట వదిలేస్తుంది. పాపికొండల్లాంటి చోట పెద్ద గింజల చెట్లు కొత్త చోట మొలవాలంటే హార్న్‌బిల్, ఈ పావురం లాంటి కొన్ని పక్షులే దిక్కు. పైగా గూట్లో పెట్టేది ఒక్కటే గుడ్డు, వేటాడితే తిరిగి పుంజుకోవడం కష్టం. పేరు సరిగ్గా వేయమని నేను ఇంత పట్టుబట్టేది అందుకే. ఊళ్లో రోజూ కనిపించే పక్షి పేరు పెడితే, ‘ఆ, ఇవి బోలెడున్నాయిలే’ అని చదివినవాళ్లు పేజీ తిప్పేస్తారు.

సవరణ వేసేటప్పుడు ఫొటో కూడా మళ్లీ వేయండి. ఈసారి దయచేసి పక్కన ప్రకటన కోసం తోక కత్తిరించొద్దు, ఆ మెరూన్ ఈకలు సగం అందులోనే పోయాయి.

ఇట్లు,
ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం