ఎడారి యాత్రకు తొందర వద్దు

సంపాదకుల వారికి నమస్కారములు.

సంక్రాంతి సెలవులు దగ్గరపడే కొద్దీ నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ పట్టణాల్లో రాజస్థాన్ యాత్రల కరపత్రాలు చేతికందుతుంటాయి. జైపూర్, అజ్మీర్, ఉదయపూర్, జోధ్‌పూర్, జైసల్మేర్, బికనేర్ అన్నీ వారం రోజుల్లో చూపిస్తామని వాటి సారాంశం. మా కుటుంబం వెళ్లిన అటువంటి యాత్రలో ఎడారికి దక్కింది ఒక్క సాయంత్రమే. పొద్దు గుంకే వేళ జైసల్మేర్‌కు సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని సమ్ ఇసుక తిన్నెల దగ్గర బస్సు దింపింది. ఒంటె మీద ఒక చుట్టు, కొన్ని ఫొటోలు, చెవులు చిల్లులు పడే పాటల మధ్య భోజనం, ఇంకా తెల్లవారకముందే సామాన్లు సర్దుకొమ్మని హడావుడి. పెద్దవాళ్లు మోకాళ్లు పట్టుకొని, పిల్లలు నిద్రమత్తులో బస్సెక్కారు. మరో ఏడు మేమే రైలు టికెట్లు తీసుకొని, మరే ఊరూ పెట్టుకోకుండా జైసల్మేర్‌లోనే ఉండి వచ్చాము. ఎడారికి వెళ్లే మన జిల్లాల వారు ఈ రెండో పద్ధతినే ఎంచుకోవాలని నా మనవి.

ఎడారి తీరికగా కూర్చున్నవారికే కనబడుతుంది. పొద్దున్నే తిన్నెల మీదికి వెళితే గాలి గీసిన సన్నని గీతలు, వాటిని అడ్డంగా దాటిపోయిన పురుగుల అడుగుజాడలు స్పష్టంగా ఉంటాయి; ఎండ ఎక్కి గాలి లేచేసరికి అవి చెరిగిపోతాయి. మధ్యాహ్నం నీడన నడుం వాల్చి, సాయంత్రం మళ్లీ నడిస్తే ముసలివారికి కూడా అలసట ఉండదు. గాలిలో తేమ లేనందున పగటి వేడి నిలవదు, జనవరి రాత్రులు పది డిగ్రీల లోపుకు దిగుతాయి, కనుక మందపాటి దుప్పట్లు, స్వెట్టర్లు తప్పనిసరి. పిల్లలకు సెలవులు కదా అని మే నెలలో మాత్రం ఎవరూ బయలుదేరవద్దు.

మనం దసరా నాడు బంగారమని పెద్దల చేతిలో పెట్టే జమ్మి ఆకు అక్కడి ఖేజ్‌డీ చెట్టుదే. 1983లో రాజస్థాన్, 2014లో తెలంగాణ దానినే రాష్ట్ర వృక్షంగా ప్రకటించాయి. లేత జమ్మి కాయలను ఎండబెట్టి, నానబెట్టి, నూనెలో మిరపకాయలతో వండే సాంగ్రీ కూర జొన్నరొట్టె అలవాటైన మన నోటికి ఇట్టే నచ్చుతుంది. కూర తిన్న తరువాత మా అత్తమ్మ ఆ చెట్టు దగ్గరికి వెళ్లి కొమ్మ వంచి, ముల్లునూ ఆకునూ తడిమి చూసి, మన ఊరి గుడి వెనకాల ఉన్నదే కదా అన్నారు.

పాలమూరు రైతు కుటుంబాలు తప్పక చూడవలసినవి ఖడీన్‌లు. జైసల్మేర్‌లో ఏడాది వర్షపాతం సుమారు 200 మిల్లీమీటర్లు, అంటే మన మహబూబ్‌నగర్ వానలో ఇంచుమించు మూడో వంతు. రాతి నేలల మీద పడిన ఆ కొద్దిపాటి వాన పల్లానికి పారే చోట పాలివాల్ బ్రాహ్మణులు 15వ శతాబ్దం నుంచి మట్టికట్టలు పోశారు; ఆ కట్టల వెనుక సాగుచేసే పొలాలే ఖడీన్‌లు. నీళ్లు నిలిచి భూమిలో ఇంకుతాయి, ఎక్కువైనవి అలుగు మీదుగా పోతాయి, నీరు తీసిన నేలలో ఆ తేమతోనే గోధుమ, శనగ పండుతాయి. కుంట కట్ట మీద పెరిగిన మన పెద్దలు ఆ గట్టున కూర్చుంటే పిల్లలకు చెప్పడానికి ఎన్నో మాటలు దొరుకుతాయి. కరపత్రాలలో వీటి పేరు నాకెక్కడా కనబడలేదు.

1156లో కట్టిన జైసల్మేర్ కోటలో నేటికీ జనం నివసిస్తున్నారు, దానికి ఒక పూట చాలు. లోపలి బసల నుంచి ఇంకే నీరు దాని పునాదులను దెబ్బతీస్తున్నది కనుక కోట బయట ఉండడమే మంచిది.

యాత్రలు నడిపేవారు ఆరు ఊళ్ల పట్టికతోపాటు ఒకే ఊరిలో నిలిచి ఉండే ఏర్పాటు కూడా చేయాలి. మీ పత్రిక పర్యాటక పేజీలో ఖడీన్‌ల గురించి సంక్రాంతికి ముందే ఒక వ్యాసం ప్రచురించగలరని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా.