ఇంటి సంగతులు, ఆ లాడ్జి సంగతి

మహబూబ్‌నగర్,
కార్తీక సోమవారం

చిరంజీవి శ్రీకాంత్‌కు,

బాపు ఆశీర్వాదాలు. ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మ మోకాళ్ళ నొప్పి అట్లాగే ఉంది, ఎక్కువ కాలేదు, తగ్గనూ లేదు. నువ్వు పంపిన నూనె రాసుకుంటున్నది కానీ ఆ వాసన పడదంటున్నది. ఇవన్నీ ఫోన్‌లో చెప్పొచ్చు కదా అనుకుంటావు. ఫోన్ చేస్తే "మీటింగ్‌లో ఉన్న బాపూ, మళ్ళీ చేస్తా" అంటావు. దసరా పోయింది, దీపావళి పోయింది, ఆ మళ్ళీ ఇంకా రాలేదు. ఉత్తరమైతే మీటింగ్ అయిపోయినంక చదువుకుంటావని రాస్తున్నాను.

బోరు మోటారు కాలిపోతే వైండింగ్ చేయించాను. యాదమ్మత్త మనవరాలికి మాఘంలో పెండ్లి కుదిరింది, పిల్లగాడు జడ్చర్లలో మెడికల్ షాపు. మొన్న నడవడానికి పిల్లలమర్రి దాకా పోయి వచ్చాను. 2018లో చెదలు పట్టి, కొమ్మలకు సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు చూడు, ఆ చెట్టు ఇప్పుడు మంచిగుంది. చిన్నప్పుడు నువ్వు ఆ ఊడలు పట్టుకుని ఊగి మోచేయి విరగ్గొట్టుకున్నావు. ఇంట్లో చెప్పకుండా చెయ్యి చొక్కాలో దాచుకుని సాయంత్రం దాకా తిరిగావు. అన్నం ముద్ద ఎడమ చేత్తో తింటుంటే మీ అమ్మ పట్టుకుంది. నీకు దాచిపెట్టే అలవాటు అప్పటి నుంచే ఉంది.

ఇంకో సంగతి, పెద్దదేం కాదు. కోదాడ బాబాయి ఫోన్ చేసి "అన్నా, మనోడు ఫ్రీమేసన్లలో కలిసిండట కదా" అన్నాడు. అదే, తాపీమేస్త్రీల పనిముట్లు గుర్తులుగా పెట్టుకుని, లాడ్జీలనే శాఖల్లో కలుసుకునే ఆ పాత సంఘం. ఎవరో వాట్సాప్ స్టేటస్‌లో ఫోటో పెట్టారట. నల్ల కోట్లు, తెల్ల చేతి తొడుగులు, నడుముకు తెల్ల ఏప్రన్లు. వెనక వరుసలో ఉన్నది నువ్వే. ఫోటో నాకూ పంపాడు. మీ అమ్మ అద్దాలు పెట్టుకుని చూసి, "ఇంట్లో ఒక్కనాడు గిన్నె కడగనోడు ఏప్రన్ కట్టిండా" అన్నది. నాకు నవ్వు రాలేదు.

బాబాయి ఫోటోతో ఆగలేదు, వీడియోలు కూడా పంపాడు. దయ్యాన్ని కొలుస్తారట, ఇల్యుమినాటి అట, ప్రపంచాన్ని వెనకుండి నడిపిస్తారట. లెక్కల సారును, ఇట్లాంటివి నమ్మను. ప్రపంచాన్ని నడిపించేవాళ్ళే అయితే ముందు నీ హోమ్ లోన్ సంగతి చూసేవాళ్ళు.

జిల్లా లైబ్రరీకి పోయి దొరికింది చదివాను. రిటైరైన హిస్టరీ లెక్చరరు సారుతో మాట్లాడాను. 1717 జూన్ 24న లండన్‌లో నాలుగు లాడ్జీలు ఒక సారాయి అంగడిలో కలిసి, అన్నిటికీ పైన గ్రాండ్ లాడ్జి అని ఒకటి పెట్టుకున్నాయట. 1730 నాటికి కలకత్తాకు వచ్చింది. వివేకానందుడు స్వామి కాకముందు, 1884లో, కలకత్తాలోనే ఒక లాడ్జిలో చేరాడు. 1961 నవంబర్ 24న మన దేశానికి సొంత గ్రాండ్ లాడ్జి ఏర్పడింది. మీ హైదరాబాద్ లాడ్జీలు దాని దక్షిణ విభాగం కిందికి వస్తాయి. ఇవన్నీ నీకు తెలిసే ఉంటాయి. నాకు కొత్తగా అనిపించింది హైదరాబాద్‌లోని గోషామహల్ బారాదరి సంగతి. గోల్కొండ రాజు తానీషా 1682లో కట్టించిన ఆ భవనాన్ని 1872లో నిజాం సర్కారు మేసన్లకు ఇచ్చింది. అప్పుడు గద్దె మీద ఉన్నది మహబూబ్ అలీ ఖాన్, ఆరేళ్ళ పిల్లవాడు. రాజ్యం నడిపింది దివాను సాలార్‌జంగ్. ఆ పిల్లవాడి పేరే 1890లో మన పాలమూరుకు పెట్టారు. మీ వాళ్ళకు ఇల్లు ఇచ్చినవాడి పేరు మీదున్న ఊళ్ళోనే నువ్వు పుట్టావు. అక్కడికి పోయినప్పుడు ఈ సంగతి చెప్పు, కొంచెం విలువ ఇస్తారు.

చదివినంత వరకు నాకు తప్పేమీ కనబడలేదు. దేవుడున్నాడని నమ్మితే చాలట, ఏ దేవుడని అడగరట. బల్ల మీద గీత, ఖురాను, బైబిలు పక్కపక్కనే పెడతారట. లోపల మతం గురించి, రాజకీయాల గురించి వాదన పెట్టకూడదట. ఈ ఒక్క నియమం మన ఇంట్లో భోజనాల దగ్గర పెడితే పోయిన ఎలక్షన్లప్పుడు మీ నర్సింహులు మామ పెరుగన్నం తినకుండా లేచిపోయేవాడు కాదు. ఇంకొకటి కూడా తెలుసుకున్నాను. వాళ్ళు బయటపెట్టకూడనివి ఒకరినొకరు గుర్తుపట్టే సైగలు, మాటలేనట. నేను సభ్యుణ్ణి అని చెప్పుకోవడానికి అడ్డేమీ లేదట. మరి నువ్వెందుకు చెప్పలేదో నాకు అర్థం కాలేదు. సరే, అది పక్కన పెడదాం.

వాళ్ళ గుర్తులైన ఆ సుత్తె, ఉలి, మూలమట్టం, కంపాసు బొమ్మలు చూస్తే నాకు మీ తాతే గుర్తొచ్చాడు. ఆయన నాగార్జునసాగర్ డ్యామ్ మీద సుతారి పని చేసిన సంగతి నీకు తెలుసు కానీ ఇది చెప్పినట్టు లేదు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాదిరాయి వేశాడు. ఆ తర్వాత పాలమూరు నుంచి మేస్త్రీల వెంట గుంపులు గుంపులుగా పోయారు. అది రాతి కట్టడం. కర్రలతో కట్టిన ర్యాంపుల మీద రాళ్ళు మోసుకుంటూ మనుషులు పైకి ఎక్కుతుంటే కింది నుంచి చూసేవాళ్ళకు కళ్ళు తిరిగేవి. మీ తాతది మోసే పని కాదు, పేర్చే పని. నాయనమ్మ కట్టిన సద్ది నేను పట్టుకుపోయేవాణ్ణి. తూకంగుండు వదిలి, అది ఊగడం ఆగేదాకా ఆయన ఊపిరి కూడా బిగబట్టేవాడు. ఆ టైములో ఆకలైందని చెప్పినా తిట్లే.

అక్కడ మద్రాసు వైపు ఇంజనీరు ఒకాయన ఉండేవాడు, హిల్ కాలనీలో క్వార్టరు. ఆయన వేలికి ఒక ఉంగరం, దాని మీద మూలమట్టం, కంపాసు. మీ తాత కంటికి ఇంకేది ఆనకపోయినా పనిముట్టు ఆనుతుంది. ఒకనాడు ఉండబట్టలేక "దొరా, మా పనిముట్లు మీ వేలికెందుకు" అని అడిగేశాడు. ఆయనకు అప్పిచ్చినవాడి దగ్గర భయం ఉండేది కానీ దొరల దగ్గర ఉండేది కాదు. ఇంజనీరు కోప్పడలేదు. రాయి మీద కూర్చుని చెప్పాడట. "మేం కొందరం కలుసుకుంటాం రాములూ. మేం చెక్కేది రాయిని కాదు, మమ్మల్నే. నడవడి తిన్నగా ఉండాలని మూలమట్టం, కోరికలకు గిరి గీసుకోవాలని కంపాసు, మనుషులంతా ఒక్క ఎత్తు అని మట్టం." మీ తాత అంతా విన్నాడు. "మంచిదే దొరా, మరి నేనూ రావచ్చునా? నాకు పనిముట్లు సొంతవే ఉన్నాయి" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. ఇంజనీరు మాత్రం నవ్వలేదు. "ఇంగ్లీషులో పెద్ద పెద్ద పాఠాలు బట్టీ పట్టాలి రాములూ, చందా కూడా ఎక్కువే" అని లేచిపోయాడట. ఆ తర్వాత ఎక్కడ పెద్దవాళ్ళ సంగతి వచ్చినా మీ తాతది ఒకటే మాట: "పనిముట్లు మనయి, పండుగ వాళ్ళది."

అంతటితో అయిపోలేదు. తర్వాతి ఎండాకాలం మన వాడకట్టు సాయన్న ర్యాంపు మీద కాలు జారి పడ్డాడు. నడుము పోయింది. ఎడ్లబండి మీద ఊరికి తెచ్చారు. పెండ్లాం, ముగ్గురు ఆడపిల్లలు. కొన్నాళ్ళకు నెలనెలా మనియార్డరు రావడం మొదలైంది, ఊళ్ళో ఎవరికీ తెలియని పేరు మీద. సాయన్న పెండ్లాం మీ తాతే పంపిస్తున్నాడనుకుని మన ఇంటికి వచ్చి ఆయన కాళ్ళ మీద పడింది. మీ తాత దగ్గర ఎక్కడివి పైసలు? ఆయన సీదా ఇంజనీరు దగ్గరికి పోయి అడిగాడు. "నాకేం తెలుసు రాములూ, నీ గోడ మట్టం చూసుకో పో" అని గదిమాడట ఆయన. పెద్ద పిల్ల పెండ్లి అయ్యేదాకా ఆ మనియార్డరు ఆగలేదు. మీ తాత పోయేదాకా అది పంపింది ఆ ఉంగరం ఇంజనీరే అని నమ్మాడు. నాకు అంత నమ్మకం లేదు, అక్కడ కాంట్రాక్టరు గుమాస్తా కూడా మంచివాడే. కానీ మీ తాత ఈ రెండు కథలనూ కలిపే చెప్పేవాడు, ఒకటి చెప్పి ఒకటి మింగేవాడు కాదు.

నీ లాడ్జిలో తాపీ పట్టినవాడు ఒక్కడైనా ఉన్నాడా? ఊరికే అడుగుతున్నాను. అందరూ ఒక్క ఎత్తు అంటారు కదా.

దానధర్మాల సంగతి కూడా విన్నాను. కంటి ఆపరేషన్ల క్యాంపులు పెడతారట, బడులకు ఇస్తారట, పోయిన సభ్యుల భార్యాపిల్లలను చూసుకోవడానికి ఆల్మనర్ అని ఒక మనిషినే పెడతారట. మంచి ఏర్పాటు. మన దగ్గర మనిషి పోతే పదకొండో రోజు దాకే చుట్టాలు. కానీ అక్కడ ఫ్లెక్సీ కట్టి, పండ్లు పంచి ఫోటో దిగే రకం పని ఏదైనా ఉంటే నువ్వు దూరంగా ఉండు. ఇచ్చేది ఉంటే నువ్వు చదివిన హైస్కూల్లో ఆడపిల్లలకు బాత్రూములు సరిగ్గా లేవు, దానికి ఇప్పించు. ఎండాకాలం రాకముందే అయితే మంచిది. హెడ్‌మాస్టరు నా శిష్యుడే, లెక్క పైసాతో సహా రాయిస్తాను.

ఇన్నింటిలో నాకు నిద్ర పట్టకుండా చేసింది ఒకటుంది. చేర్చుకునే రోజు కొత్తవాడి ఒంటి మీద ఉంగరం, నాణెం, లోహం అనేదే లేకుండా తీసేసి, కళ్ళకు గంతలు కట్టి లోపలికి తీసుకుపోతారట. (గంతల సంగతి మీ అమ్మకు చెప్పలేదు, నువ్వూ చెప్పకు.) తర్వాత గంతలు విప్పి, ఈశాన్యం మూల నిలబెట్టి, పేదలకు ఏమైనా ఇవ్వమని అడుగుతారట. జేబులో ఏమీ ఉండదు. లేదని నోటితో చెప్పాలి. రేపు నీ దగ్గరికి ఎవడైనా చెయ్యి చాపుకుని వస్తే ఈ పూట గుర్తుచేసుకో అంటారట. ఈశాన్యం అనగానే మీ అమ్మ "అయితే మంచిదేలే" అని వంటింట్లోకి పోయింది. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. లేదని చెప్పినప్పుడు నీకు నిజంగానే లేదా?

అడిగేశాను కాబట్టి మిగతాది కూడా అడుగుతాను. మీ కంపెనీలో మనుషులను తీసేస్తున్నారని పేపర్లో చూశాను. దసరాకు సునీతా పిల్లలూ వచ్చి నువ్వు రాలేదు. సునీత ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. చింటు మాత్రం "డాడీ పొద్దంతా ఇంట్లోనే ల్యాప్‌టాప్ చూస్తాడు" అన్నాడు. పెద్ద పెద్ద ఆఫీసర్లు, వకీళ్ళు ఉండే చోటు కదా, పరిచయాలు దొరుకుతాయని పోయావా? లాభం ఆశించి రాలేదని చేరేటప్పుడే వాళ్ళు నీతో చెప్పిస్తారట. అట్లాంటి మాట అబద్ధంగా చెప్పే పిల్లగాణ్ణి నేను పెంచలేదు. నిజంగానే ఆ పద్ధతులు నచ్చి పోయి ఉంటే నాకు సంతోషమే. ఉద్యోగం సంగతి వేరే, లాడ్జి సంగతి వేరే అయితే రెండూ వేరేవేరేగానే చెప్పు.

24 అంగుళాల కొలబద్ద ఒకటి ఇస్తారట కదా, రోజుకు 24 గంటలని. దేవుడికి కొంత, పనికి కొంత, కష్టంలో ఉన్న మనిషికి కొంత. ఆ సాయం కూడా తనకూ తనవాళ్ళకూ నష్టం రాకుండా చెయ్యాలని వాళ్ళ పాఠంలోనే ఉందట. ఆ చివరి మాట పెన్సిల్‌తో గీత గీసి పెట్టుకో. అమ్మకు ఫోన్ చేయడానికి అందులో అరంగుళం దొరకదా? చందా ఎంత కడుతున్నావని నేను అడగను. ఎంత కడుతున్నావు?

అప్పు మాత్రం చేయకు. యాప్‌లలో అసలే వద్దు. నా పెన్షన్ నెల నెలా వస్తుంది, మాకు ఖర్చేముంది, మందులు, పాలు. మీ అమ్మ పేరు మీద పోస్టాఫీసులో వేసింది మొన్ననే చేతికొచ్చింది. మళ్ళీ వేద్దామా అంటే "ఉండనియ్యి, పిల్లగానికి ఏమన్న అవసరం పడుతదేమో" అన్నది. నేను ఏమీ చెప్పకుండానే అన్నది. ఆమె దగ్గర దాచావని నువ్వు అనుకుంటున్నావు, అంతే.

ఆదివారం రా. బస్సు వద్దు, కాచిగూడ నుంచి పొద్దున రైలెక్కు, కిటికీ దగ్గర కూర్చుంటే గాలి తగులుతుంది, మఫ్లర్ కట్టుకో. స్టేషన్‌కు స్కూటర్ మీద వస్తాను. కన్ను ఆపరేషన్ అయినంక బండి నడపొద్దని మీ అమ్మ అంటుంది, పట్టించుకోకు. సజ్జ రొట్టెలు, చింతకాయ తొక్కు చేయిస్తాను. ఆ ఏప్రన్ ఉతకడానికి ఇంటికి తెస్తే తే, తెల్ల బట్ట సంగతి మీ అమ్మకు తెలిసినంత లాండ్రీవాళ్ళకు తెలియదు.

ఉంటాను.

నీ బాపు

తా.క. ఈ ఉత్తరం సునీతకు కూడా చదవడానికి ఇవ్వు. ఇవ్వలేని మాట ఇందులో ఏదైనా ఉందనిపిస్తే ఆదివారం దాకా ఆగకు, ఈ రాత్రే ఫోన్ చెయ్యి. పదకొండు దాకా మేలుకునే ఉంటాను.