నియమించిన పార్టీ వైపే ఓటు

సంపాదకులకు,

అమెరికా సుప్రీంకోర్టులో పెద్ద కేసు వస్తే తొమ్మిది మందిలో ఎవరు ఎటు ఓటేస్తారో, వారిని నియమించిన అధ్యక్షుడి పార్టీని బట్టి ముందే చెప్పేస్తున్నారు. 2022లో గర్భస్రావాలపై ఆంక్షలు పెట్టిన మిసిసిపీ రాష్ట్ర చట్టానికి సమర్థన, 2024లో ట్రంప్‌కు విచారణ నుంచి రక్షణ, 2025లో జన్మతః పౌరసత్వాన్ని పరిమితం చేస్తూ ట్రంప్ ఇచ్చిన ఉత్తర్వును ఆపిన కింది కోర్టుల అధికారానికి కత్తెర. మూడూ 6-3 తీర్పులే. ఆ ఆరుగురూ రిపబ్లికన్ అధ్యక్షులు నియమించినవారే. ఆ ఉత్తర్వును తాత్కాలిక వీసాదారుల పిల్లలకూ వర్తించేలా రాశారు కాబట్టి, హెచ్1బీ వీసాపై అక్కడున్న మన తెలుగు కుటుంబాలకు ఆ మూడో తీర్పు పరాయి విషయం కాదు.

ఏకగ్రీవ తీర్పులూ చాలానే వస్తాయి, నిజమే. 1990లో రిపబ్లికన్ అధ్యక్షుడు సీనియర్ బుష్ నియమించిన న్యాయమూర్తి డేవిడ్ సౌటర్ తర్వాత ఉదారవాదుల పక్షాన నిలిచారు. అలాంటివారు మళ్లీ రాకుండా పార్టీలిప్పుడు జల్లెడ పట్టి ఎంచుకుంటున్నాయి. పైగా పదవి జీవితకాలం! 18 ఏళ్ల పరిమితి పెట్టాలన్న ప్రతిపాదనను అక్కడి కాంగ్రెస్ (పార్లమెంటు) ఇకనైనా చేపట్టాలి.

– ఒక పాఠకురాలు, విజయవాడ